మాస్టర్ ఆగిన చోట

ఫ్లెక్సీలో మాస్టర్ మొహం కంటే మా మొహాలే పెద్దగా పడ్డాయి. పైన ఒక మూల ఆయన, నల్లకోటు వేసుకున్న పాత ఫొటో. కింద వరసగా శిష్యులం. నల్లకళ్ళద్దాలతో ఒకరు, చేతులు కట్టుకుని ఒకరు, ఫోను చెవికి ఆనించుకుని ఒకరు. చూసినవాళ్ళు మేమంతా కార్పొరేటర్ సీటుకు నిలబడ్డామనుకుంటారు. ఫోను చెవికి ఆనించుకున్నది నేనే. ఆ ఫొటో తీసినప్పుడు అవతల ఎవరూ లేరు.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగి లోపలి సందులోకి పోతే ఒక చిన్న ఫంక్షన్ హాలు ఉంది. సన్మానం అక్కడ పెట్టాం. ఆదివారం, మాస్టర్ చర్చి నుంచి వచ్చాక, భోజనాలకు ముందు. ఆయన జాజ్ డ్రమ్మర్. ఆ మాట పాతబస్తీలో చెబితే ఇప్పటికీ "అంటే ఏంది?" అని అడుగుతారు. మా మేనమామ అయితే మాస్టర్‌ని చాలాకాలం మోటారు మెకానిక్ అనుకున్నాడు. నేను వివరించే కొద్దీ ఆయన అనుమానం ఎక్కువైంది తప్ప తగ్గలేదు.

మాస్టర్ పగలు సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టర్. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్రమ్ములకు బిగించే ఇత్తడి తాళాల సంచి వీపుకు తగిలించుకుని, నయాపూల్ మీదుగా స్కూటర్ మీద సికింద్రాబాద్ వెళ్ళేవారట. అక్కడి హోటళ్ళలో, క్లబ్బుల్లో రాత్రి భోజనాల వేళ బ్యాండ్ ఉండేది. సాక్సోఫోన్ ఒకరు, పియానో ఒకరు, నిలువెత్తు తీగల బేస్ ఒకరు, వెనక మాస్టర్. 'వెళ్ళేవారట' అని ఎందుకంటున్నానంటే అందులో ఏదీ నేను చూడలేదు. మేము ఆయన దగ్గర చేరేనాటికి ఆ హోటళ్ళు బ్యాండ్లు మానేసి క్యాసెట్లు పెట్టుకున్నాయి. మేము చూసింది ఇంటి వెనక రేకుల గది, లుంగీ, బనియను, చేతిలో కర్రలు, నోట్లో తిట్లు.

నేను బర్రెలున్న ఇంట్లోంచి వచ్చిన వాణ్ణి. మా నాయన చుట్టుపక్కల గల్లీలన్నిటికీ పాలు పోసేవాడు. నాకు పాలు పితకడం కంటే బరాత్‌లో డ్రమ్ము కొట్టడం బాగా నచ్చింది. పెళ్ళికొడుకు గుర్రం ముందు, ట్యూబ్‌లైట్లు మోసేవాళ్ళ మధ్య, మెడకు డ్రమ్ము తగిలించుకుని నడిచేవాణ్ణి. ఒకసారి మా బరాత్, మాస్టర్ ఉండే సందులోంచి పోతుంటే ఆయన గేటు దగ్గరికొచ్చి నా చేతులు చూశారట. మర్నాడు మనిషిని పంపి పిలిపించుకున్నారు. నాలాగే ఇంకొందరు వచ్చారు. చర్చిలో వాయించేవాళ్ళు, గణేశ్ ఊరేగింపుల్లో వాయించేవాళ్ళు, ఆర్కెస్ట్రాల వాళ్ళు. అందరమూ రోడ్డు మీద పెరిగిన చేతులమే.

రోడ్డు మీద ఒక నియమం ఉంటుంది. సౌండ్ పడొద్దు. బరాత్‌లో ఒక్క క్షణం దెబ్బ ఆగితే ఆడేవాళ్ళ కాళ్ళు ఆగుతాయి, పెళ్ళికొడుకు బాబాయి మీదికొస్తాడు, "పైసల్ తీసుకుంటలేరా?" అని లొల్లి మొదలవుతుంది. కాబట్టి పక్కవాడి మణికట్టు పట్టేస్తే, చెమటకు కర్ర జారితే, పక్కనున్నవాడు రెప్పపాటులో అందుకోవాలి. అందుకున్నట్టు వినేవాళ్ళకు తెలియకూడదు కూడా. అది మా మర్యాద. తోటివాడు పడుతుంటే అందుకోనివాణ్ణి బ్యాండ్‌లో మళ్ళీ ఎవరూ పిలవరు. నేను ఆ పనిలో గట్టివాణ్ణని పేరుండేది. ఆ పేరంటే నాకు మస్తు గర్వం.

మాస్టర్ మా చేత మాన్పించాలని చూసింది సరిగ్గా దాన్నే. "ఖాళీ కనవడితే సాలు, బర్రె గడ్డిల వడ్డట్టు వడ్తరేందిరా?" అని తిట్టేవారు. బర్రె అన్నప్పుడల్లా నావైపే చూసేవారు. ఆయన ఇంటికి నాలుగిళ్ళ అవతల మసీదు. అజాన్ మొదలవగానే మా చేతులు ఆగాలి. ఎవరింటికి పోయినా, ఏ పండుగకైనా, పాతబస్తీలో అది ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. మాస్టర్ దాన్నే పాఠం చేశారు. చేతులు ఆగినా లెక్క ఆగకూడదు. అజాన్ అయ్యేదాకా అందరమూ లోపల లెక్క నడుపుతూ కూర్చోవాలి. అయ్యాక ఆయన వేలెత్తి దించగానే అందరి దెబ్బా ఒకేచోట పడాలి. మొదట్లో తలా ఒకచోట పడేది. ఆయన నెత్తి కొట్టుకునేవారు. కొన్నాళ్ళకు ఒకేచోట పడటం మొదలైంది. ఆ రోజు మాస్టర్ అందరికీ ఉస్మానియా బిస్కట్లు తెప్పించారు. ఆగిన చోట కూడా వాయిస్తూనే ఉండాలన్నది మాకు వచ్చేసిందని మేము అనుకున్నాం. ఆయన కూడా అనుకున్నారు.

తర్వాత ఎవరి బతుకు వాళ్ళు చూసుకున్నాం. నేను బరాత్‌లు మానేసి డ్రమ్స్ క్లాసు పెట్టుకున్నాను. మిగతావాళ్ళూ అంతే, తలా ఒక గల్లీలో తలా ఒక బోర్డు. అందరి బోర్డుల మీదా మాస్టర్ పేరు ఉంటుంది, ఫలానా జాజ్ మాస్టర్ శిష్యుడు అని. జాజ్ మేమెవరమూ వాయించం. బోర్డుకు ఆ మాట అందంగా ఉంటుంది.

సన్మానం సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు మాస్టర్ మొదట వద్దన్నారు. "శాలువలు కప్పుకోని నేనేం చేస్త? ఇంట్ల దుప్పట్లున్నయి." మేము పట్టుబట్టాం. అప్పుడు ఒక షరతు పెట్టారు.

"నేను ఒక పాట వాయిస్త. మాటల్లేని పాట. మా పాత దోస్తులు ఇద్దరున్నరు, వాళ్ళను పిలుస్త. మీరు నన్ను తిట్టేటోని లెక్క చూసిన్రు. వాయించేటోని లెక్క ఎప్పుడన్న చూసిన్రా? ఒక్కసారి చూడున్రి."

ఆయన గొంతులో అంత ఆశ నేను ఎప్పుడూ వినలేదు. పిల్లవాడు సైకిలు అడిగినట్టు అడిగారు. మేము సరేనన్నాం. అదే సమయంలో ఆయన చేతిలో చాయ్ సాసర్ టకటకలాడింది, లుంగీ మీద ఒలికింది. ఆయన పట్టించుకోలేదు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

బయటికొచ్చి సందు మొదట్లో నిలబడ్డాం. "మధ్యల ఆగిపోతే ఎట్లనే అన్నా?" అని ఒకడు. "అంతమందిల ఇజ్జత్ పోతది ముసలాయనది," అని ఇంకొకడు. అందరమూ నిజంగానే బాధపడ్డాం, అందులో నటన ఏమీ లేదు. స్టేజీ మీద రెండో డ్రమ్ము సెట్టు పెట్టాలని, మాస్టర్ ఆగితే వెంటనే ఒకరు అందుకోవాలని తీర్మానించాం. ఎవరు అందుకోవాలన్న ప్రశ్నే రాలేదు. అందరూ నావైపు చూశారు.

"ఫికర్ వద్దు. సౌండ్ పడనియ్య," అన్నాను.

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది.

సన్మానం మామూలు సన్మానంలాగే జరిగింది. మాస్టర్ గురించి మాట్లాడమని మైకు ఇస్తే ప్రతి ఒక్కడూ తన గురించే మాట్లాడాడు. నేను కూడా. తలా ఒక శాలువా తెచ్చాం. అన్నీ ఒకదాని మీద ఒకటి కప్పితే మాస్టర్ చెవులదాకా మునిగిపోయారు. పైనున్న ఫ్యాను తిరుగుతోంది గాని గాలి రావడం లేదు. మొదటి వరసలో కూర్చున్న అమ్మ (మాస్టర్ భార్యను మేమంతా అలాగే పిలుస్తాం) తన కొంగుతో విసరాలని లేచి, బాగుండదేమోనని మళ్ళీ కూర్చుంది.

శాలువలన్నీ తీసి పక్కన పెట్టాక మాస్టర్ తన డ్రమ్ముల వెనక్కి నడిచారు. అవి ఆయన సొంతవి. పొద్దున్నే ఆటోలో తెచ్చి, మమ్మల్ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా బిగించుకున్నారు. అప్పుడు పక్కనున్న రెండో సెట్టు చూశారు.

"ఇదెవరికి?"

"ఊర్కెనే మాస్టర్. లాస్టుకు అందరం కలిసి కొడ్దామని," అన్నాను. అబద్ధం నోట్లోంచి వెన్నలాగా జారింది.

"మంచిది," అన్నారాయన. సంతోషంగానే అన్నారు.

ఆయన పాత దోస్తులు ఇద్దరూ సికింద్రాబాద్ నుంచి వచ్చారు. బేస్ ఆయన మోకాళ్ళ నొప్పులతో స్టూలు మీద కూర్చున్నాడు. సాక్సోఫోన్ ఆయన సన్నగా, పొడుగ్గా, తెల్లటి బూట్లతో ఉన్నాడు. మాస్టర్ కర్రలు తీసుకోలేదు. తీగల బ్రష్షులు తీసుకున్నారు. వాటితో డ్రమ్ము మీద రుద్దుతుంటే అమ్మలు చాటలో బియ్యం చెరిగేటప్పటి చప్పుడు వచ్చింది. హాలు వెనక పిల్లలు ఏడుస్తున్నారు, బగారన్నం గిన్నెలు దించుతున్నారు, ఒకడు ఫోన్లో గట్టిగా అడ్రసు చెబుతున్నాడు. మాస్టర్ వాటన్నిటినీ లెక్కచేయలేదు. ఆ చేయి, చాయ్ ఒలకబోసిన చేయి, కాస్త కూడా వణకలేదు. అది చూసైనా నేను రెండో సెట్టు వెనక వేసుకున్న నా స్టూలు మీద నుంచి లేచి కిందికి పోవలసింది.

కొంచెం సేపటికి జాజ్‌లో అలవాటుగా చేసే ఒక పని మొదలైంది. సాక్సోఫోన్ ఒకటి రెండు మూడు నాలుగు అని నాలుగు సార్లు లెక్కపెట్టేంత సేపు వాయిస్తుంది. తర్వాత అంతే సేపు డ్రమ్ము ఒక్కటే. మళ్ళీ సాక్సోఫోన్, మళ్ళీ డ్రమ్ము. ఇద్దరు మాట్లాడుకున్నట్టు. ఆ కాస్త సేపూ డ్రమ్మర్ సొంతం, ఏమైనా చేసుకోవచ్చు. మాస్టర్ మొదటి వంతు నిండుగా వాయించారు. రెండో వంతు అందులో సగం. తర్వాతి వంతు అక్కడొకటి ఇక్కడొకటి. ఆ తర్వాత ఆయన వంతు వచ్చినప్పుడు బ్రష్షు పైకి ఎత్తారు. అది కిందికి రాలేదు.

కళ్ళు మూసుకుని ఉన్నారు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. బ్రష్షు గాలిలో అలాగే ఉంది. హాల్లో ఎక్కడా చప్పుడు లేదు. ఫోన్లో అడ్రసు చెప్పేవాడు కూడా ఆగిపోయాడు.

నేను పడ్డాను.

బ్రష్షులు కాదు, కర్రలతో. బరాత్ దెబ్బ. రెండు చేతులూ, పెద్ద డ్రమ్మూ, తాళాలూ అన్నీ కలిపి. హాలు లేచి నిలబడింది. ఈలలు, చప్పట్లు. వెనక వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని తలుపు దగ్గరికొచ్చారు. సాక్సోఫోన్ ఆయన తన వాద్యం నోట్లోంచి తీసేశాడు. మాస్టర్ కళ్ళు తెరిచి నావైపు చూశారు. నిద్రలోంచి ఎవరో లేపితే చూసినట్టు చూశారు. తర్వాత బ్రష్షు దించి, నా దెబ్బ కింద మెల్లగా తన చప్పుడు పరిచారు. నా దారిలోకి రాకుండా, నేను ఎంత గట్టిగా కొడితే అంత మెల్లగా, చివరిదాకా నాకు తోడుగా వాయించారు. నేను ముగించాక బ్రష్షులు రెండూ జాగ్రత్తగా డ్రమ్ము మీద పెట్టి లేచారు.

మైకు దగ్గరున్న మావాడు ఊగిపోయాడు. "గురువుగారి చెయ్యి ఆగితే శిష్యుడు అందుకున్నడు! గిదీ గురుభక్తి అంటే!" మళ్ళీ చప్పట్లు. మాస్టర్‌ని నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన మైకు తీసుకున్నారు.

"అందరు తినిపోన్రి," అన్నారు.

నేను ఆ పూట బాగానే తిన్నాను. దాల్చా రెండుసార్లు వేయించుకున్నాను. వచ్చినవాళ్ళంతా నా వీపు తట్టారు. చేతులు కడుక్కునే చోట సాక్సోఫోన్ ఆయన నా పక్కన నిలబడ్డాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నువ్వు మధ్యల ఎందుకు దూరినవ్?"

"మాస్టర్ ఆగిపోయిన్రు గద సార్."

"ఎక్కడ ఆగిండు? కాలు నడుస్తుండె గద!"

నాకు అర్థం కాలేదు. డ్రమ్మర్ ఎడమకాలి కింద ఒక పెడల్ ఉంటుంది. తొక్కినప్పుడల్లా రెండు ఇత్తడి పళ్ళేలు ఒకదానికొకటి తగిలి 'చిక్' మంటాయి. మిగతా వాటి హోరులో అది వినపడదు. అన్నీ ఆగితేనే వినపడుతుంది.

"కావాల్నని చేతులు ఎత్తేసి ఖాళీ వదిలిండు, వట్టి కాలు ఒక్కటే నడిపిండు," అన్నాడాయన. "హోటల్ల వాయించేటప్పుడు గదే వాని మాస్టర్‌పీస్. ఆ ఒక్క చిక్ చిక్ వినవడాలని మొత్తం హోటల్ల చెంచాలు ఆగుతుండె. గియాల్ల గూడ హాలంత ఆగింది. నేను ఆ చప్పుడు పట్టుకోనే నిలవడ్డ. నీకు వినవడలేదా?"

ఆయన చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నేను నల్లా కట్టేయడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. వినపడిందా అని మనసులో వెతుక్కున్నాను. బ్రష్షు గాలిలో ఉండటం గుర్తుంది. మొహం గుర్తుంది. తెరుచుకున్న నోరు గుర్తుంది. చప్పుడు మాత్రం గుర్తులేదు. ఎలా గుర్తుంటుంది? ఆ పాట మొదలైనప్పటి నుంచి నేను ఆయన ఎప్పుడు ఆగుతారా అని కాచుకుని కూర్చున్నాను. కర్రలు చేతిలో పట్టుకుని. హాల్లో పెళ్ళిభోజనానికి వచ్చినట్టు వచ్చినవాళ్ళు కూడా ఫోన్లు దించి విన్నారు. ఆయనకు మూడు గజాల దూరంలో ఉన్న నేను వినలేదు. అజాన్ వేళ లెక్క తప్పకుండా కూర్చోవడం అన్నేళ్ళు నేర్చుకున్న నేను.

చేతులకు సబ్బు నురగ అలాగే ఉంది. ఏడుపు రాలేదు. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

వెంటనే మాస్టర్ దగ్గరికి పోయి ఉండాల్సింది. పోలేదు. ఆటోలో డ్రమ్ములు ఎక్కిస్తుంటే కూడా దూరంగానే ఉన్నాను. ఆ వారమంతా మా వాట్సప్ గ్రూపులో ఒకటే వీడియో తిరిగింది. ఎవరో ముందు వరసలోంచి తీసింది. పెద్ద డ్రమ్ము అడ్డం ఉండటం వల్ల అందులో మాస్టర్ కాళ్ళు కనపడవు. బ్రష్షు ఎత్తి ఆగిన ముసలాయన, పక్కనుంచి మెరుపులా అందుకున్న నేను. ఫోను సౌండులో చిక్ చిక్ ఎక్కడిది? కింద కామెంట్లు చూసి ఫోను బోర్లా పెట్టేశాను.

అమ్మ ఫోన్ చేసింది. "జర వచ్చిపో బిడ్డా. డ్రమ్ములు ఇచ్చేస్తనంటుండు. నీకే ఇయ్యాల్నంటుండు. అన్నం గూడ సక్కగ తింటలేడు."

ఎండవేళ వెళ్ళాను. మాస్టర్ రేకుల గదిలో ఉన్నారు. డ్రమ్ములన్నీ విప్పి, తుడిచి, పాత దుప్పట్లలో చుట్టి గోడకు ఆనించి పెట్టారు. నన్ను చూసి కూర్చోమన్నారు. కోపం లేదు. ఆయన నన్ను తిట్టి ఉంటే కాళ్ళ మీద పడి ఉండేవాణ్ణి, పని సులువయ్యేది.

"ఒక మాట అడుగుత, నిజం చెప్పాలె," అన్నారు. "ఆ దినం నేను ఆగిన్నా, కావాల్నని ఖాళీ వదిలిన్నా?"

నేను నోరు తెరిచేలోపే ఆయనే చెప్పుకుపోయారు. "నాకైతే నేనే వదిలినట్టు యాదికుంది. కాలు తొక్కుతనే ఉన్నట్టు యాదికుంది. మా దోస్తు గూడ ఫోన్ చేసి గట్లనే చెప్పిండు. గని వాడు దోస్తు, నన్ను ఖుష్ చెయ్యనీకె చెప్తడు. నువ్వు గట్ల గాదు. నీకు నేను నేర్పిన. నువ్వు ఊర్కె మధ్యల రావు. నువ్వు వచ్చినవంటే ఆడ నీకు ఏం వినవడలేదన్నట్టు. అంటే కాలు గూడ ఆగి ఉంటది. నాకే తెలుస్తలేదు." దుప్పట్ల మూటల వైపు చూసి, "తెల్వకుంట ఆగుడు మొదలైతే ఇగ వాయించొద్దు బేటా," అన్నారు.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని ఎంత పెద్దదో. ఆయన తన కాలి కంటే నా చెవిని ఎక్కువ నమ్మారు. తన జీవితమంతా ఎరిగిన ఒక సంగతిని నా ఒక్క దెబ్బ చూసి అనుమానించారు. ఆయన్ని స్టేజీ మీద పడకుండా కాపాడానని అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. పడేసింది నేనే.

నిజాయితీగా చెబుతున్నాను, ఒక క్షణం ఊరుకుందామనుకున్నాను. 'పెద్దతనం మాస్టర్, అందరికీ అయ్యేదే' అని చెయ్యి పట్టుకుంటే చాలు. ఆయన ఒప్పుకునేవారు. డ్రమ్ములు కూడా నాకే వచ్చేవి. గోడకు ఆనించి ఉన్న ఆ మూటల వైపు నా చూపు పోయింది కూడా.

"మీరు ఆగలే మాస్టర్," అన్నాను.

"నిజంగ?"

"నేనే వినలే. మీరు ఆగుతరని ముందే అనుకున్నం. చాయ్ కప్పు వణికింది చూసినం గద, గందుకే. రెండో సెట్టు అందరం కలిసి కొట్టనీకె పెట్టలే. మీరు ఆగితె నేను అందుకోవాల్నని పెట్టినం. నేను కట్టెలు పట్టుకోని మీ మొఖమే చూసుకుంట కూసున్న. బ్రష్షు లేచింది, దిగలే. వడ్డ. కాలు దిక్కు చెవి పెట్టనే లేదు."

ఇంత పొడుగు మాట ఆయన ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. తల దించుకునే చెప్పాను. తలెత్తి చూస్తే మాస్టర్ మొహం వెలిగిపోతోంది.

"ఏమే! ఇంటున్నవా?" అని వంటింట్లో ఉన్న అమ్మకు వినపడేలా అరిచారు. "నేను ఆగలేదంట! కాలు నడిచిందంట!"

"నేను చెప్తనే ఉన్న గద, నా మాట ఎప్పుడు ఇన్నవు?" అని అమ్మ లోపల్నుంచే అంది. ఆయన తొడ మీద చరుచుకుని నవ్వారు. నేను కూడా నవ్వబోయాను.

ఆ నవ్వు ఆయన మొహంలో ఎక్కువసేపు నిలవలేదు. ఏదో లెక్క వేసుకున్నట్టు నావైపు చూశారు.

"అయితే నీకు వినవడలే."

"వినవడలే మాస్టర్."

"నీ పక్కపొంటి మనోళ్ళే నిలవడ్డరు గద. వాళ్ళకు?"

ఏం చెప్పాలి? మా వాళ్ళే అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. మైకులో గురుభక్తి అన్నదీ మావాడే. నా మొహం చూసి ఆయనకు అర్థమైంది.

"ఇంతమందిల ఒక్కనికి గూడ," అన్నారు. వాక్యం అక్కడే వదిలేశారు.

అమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. ఇద్దరమూ ముట్టుకోలేదు. మాస్టర్ లేచి, పెద్ద డ్రమ్ము మీది దుప్పటి విప్పడం మొదలుపెట్టారు. నేను సాయం పట్టబోతే వద్దన్నారు.

"డ్రమ్ములు ఇయ్య. నాకే కావాలె," అన్నారు. తర్వాత, దుప్పటి మడతపెడుతూ, "గీ ముచ్చట బయట ఎవ్వరికి చెప్పకు," అన్నారు.

"అందరికి చెప్తనే మాస్టర్! గ్రూపుల ఇయ్యాల్నే పెడ్త. తప్పు మాదని తెల్వాలె గద."

"వద్దు. ముసలోని చెయ్యి ఆగిందనుకోనియ్యి. గట్ల అనుకుంటె నాకేం పోతది? ముసలోళ్ళ చేతులు ఆగుతయి, ఎవ్వరు నవ్వరు. మీ అందరి బోర్డుల మీద నా పేరుంది. మీకు వినరాదని తెలిస్తె రేపు మీ కాడికి ఎవడొస్తడు? పిల్లలను ఎట్ల సాదుకుంటరు?"

"తప్పు చేసింది మేము గద."

"నేర్పింది ఎవరు మరి?"

 ఆ గదిలో ఎన్నో తిట్లు తిన్నాను. చేతి మీద కర్రతో దెబ్బలు తిన్నాను. ఇంత మెల్లగా అడిగిన మాట మాత్రం ఎప్పుడూ పడలేదు. మాటివ్వమన్నారు. ఇచ్చాను.

మాటిచ్చాను కాబట్టే ఇందులో ఎవరి పేరూ రాయలేదు. పేర్లు లేకుండా రాస్తే మాట తప్పినట్టా కాదా అన్నది నాకింకా తేలలేదు. మాస్టర్ ఇప్పటికీ మధ్యాహ్నాలు వాయించుకుంటారని అమ్మ చెబుతుంది. నేను వెళితే చాయ్ ఇస్తారు, కుశలం అడుగుతారు, మర్యాదగా మాట్లాడతారు. తిట్టడం మానేశారు.

మొన్న నా క్లాసులో, ఆఫీసు అయ్యాక వచ్చి నేర్చుకునే ఒక అమ్మాయి కర్రలు పక్కన పెట్టి ఫోను తీసింది. ఆ వీడియో ఎవరో పంపారట, మళ్ళీ మళ్ళీ చూసిందట. మాస్టర్ బ్రష్షు ఎత్తిన చోట ఆపి నాకు చూపించింది.

"సార్, ఈడ పెద్దసార్ ఆగిపోతున్నరని మీకు ఎట్ల తెలిసింది? అంత కరెక్టుగ?"

మిగతావాళ్ళు కూడా దగ్గరికొచ్చారు. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు, నేర్చుకుందామని.

"వింటే తెలుస్తది," అన్నాను.